అక్టోబర్ ఎండకు తెలుగులో పేరేది?

క్లుప్తంగా

వానలు వెనుదిరిగి చలి మొదలయ్యే లోపు హైదరాబాద్‌లో రెండు మూడు వారాల పాటు ఎండ, ఉక్క పెరగడం ఏటా జరిగేదే. థర్మామీటర్‌లో పెరిగేది కొద్దిగానే. మబ్బు తొలగడం, గాలి పడిపోవడం, నేలలో వాన తడి మిగిలి ఉండడం కలిసి ఆ కొద్ది పెరుగుదలను భారంగా మారుస్తాయి. దీన్ని 'ఇండియన్ సమ్మర్' అనడం పొరపాటు: ఆ పేరుకు భారతదేశంతో సంబంధం లేదు, ఆ వెచ్చదనం పుట్టే తీరు కూడా వేరు. అసహజమైన మార్పు ఏదైనా ఉంటే, దాన్ని పగటి ఎండలో కన్నా రాత్రి వేడిలో వెతకడం మేలు.

ఒకే రోజులో మూడు కాలాలు

బతుకమ్మ రోజుల్లో వీధి మొదట్లో గునుగు, తంగేడు కట్టలు పరుచుకుని కూర్చునే పూలవాళ్ల పని తీరు చూస్తే ఈ కాలపు వాతావరణం సగం అర్థమవుతుంది. ఉదయం ఏడింటికి పూల మీద మంచు తడి కనిపిస్తుంది. పదకొండు దాటేసరికి తంగేడు రెక్కలు వాలిపోతాయి. తడి గోనెసంచి కప్పి, మూతకు చిల్లులు పొడిచిన నీళ్ల సీసాతో పావుగంటకోసారి చిలకరిస్తూ ఉండాలి. గునుగుకు ఆ బెంగ లేదు, అది కోసినప్పుడే సగం ఎండినట్టుంటుంది. పొద్దు గూకాక ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరిగే వేళకు గాలి మళ్లీ తేలికపడుతుంది.

ఇళ్లలో ఈ గందరగోళం మరో రూపంలో కనిపిస్తుంది. జూన్‌లో వానలు పడగానే గడ్డి తీసేసి మూలకు నెట్టిన కూలర్‌ను మళ్లీ బయటికి లాగాలా, లేక పెట్టె అడుగున ఉన్న దుప్పట్లను ఎండకు వేయాలా అన్నది తేలదు. నడి మధ్యాహ్నం ఫ్యాన్ ఐదులో పెట్టినా చాలదు, తెల్లవారుజామున అదే ఫ్యాన్‌ను రెండుకు తగ్గించాలి. వేసవి అయిపోయి నాలుగు నెలలైంది, చలికాలం ఇంకా రాలేదు, వాన లేదు. మరి ఈ ఎండ ఏ కాలానిది అన్న ప్రశ్న ఏటా అక్టోబర్‌లో తలెత్తుతుంది.

ఒక్క డిగ్రీకి ఇంత ఉక్కా?

అంకెలు చూస్తే ఫిర్యాదు అతిశయోక్తిలా తోస్తుంది. బేగంపేట వాతావరణ కేంద్రపు దీర్ఘకాలిక సగటుల ప్రకారం హైదరాబాద్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఆగస్టులో సుమారు 30 డిగ్రీలు, సెప్టెంబర్‌లోనూ అక్టోబర్‌లోనూ సుమారు 31 డిగ్రీలు. మే నెలలో ఇదే సగటు 39 డిగ్రీలకు చేరుతుంది. అంటే అక్టోబర్ సగటు మే కన్నా ఎనిమిది డిగ్రీలు తక్కువ, ఆగస్టు కన్నా ఒక్క డిగ్రీ మాత్రమే ఎక్కువ. ఆగస్టులో ఎవరూ ఎండ గురించి మాట్లాడరు, అక్టోబర్‌లో మాత్రం అందరికీ అదే మాట. తేడా ఆ ఒక్క డిగ్రీలో లేదు.

మొదటిది మబ్బు. సూర్యుడు హైదరాబాద్ నడినెత్తిన నిలిచే రోజులు ఏడాదికి రెండు: మే రెండో వారం మొదట్లో ఒకటి, ఆగస్టు మొదటి వారంలో మరొకటి. 'నీడ లేని రోజు' అని పత్రికలు రాసేది వీటి గురించే. లెక్క ప్రకారం ఆగస్టు ఎండ మే ఎండంత నిటారుగా పడాలి, పడుతుంది కూడా. కానీ దాన్ని నేల దాకా రానివ్వకుండా మబ్బు కప్పు అడ్డుపడుతుంది. అక్టోబర్ నాటికి సూర్యుడు దక్షిణానికి జరిగినా, అడ్డు తొలగిపోవడంతో ఆ వాలు ఎండే నేరుగా ఒంటికి తగులుతుంది. నీడలో పెట్టిన థర్మామీటర్ గాలి వేడిని కొలుస్తుంది తప్ప, రోడ్డు దాటుతున్న మనిషి వీపు మీద పడే ఎండను కొలవదు. సగటు అంకెకూ అనుభవానికీ మధ్య ఎడం ఇక్కడే మొదలవుతుంది.

రెండోది గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా దక్కన్ పీఠభూమి మీద పడమటి గాలి తెరపి లేకుండా వీస్తుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌కు వానాకాలంలో ఉక్క అంతగా తెలియకపోవడానికి సగం కారణం ఆ గాలే. రుతుపవనం బలహీనపడగానే అది ఆగిపోతుంది. ఈశాన్యం నుంచి రావలసిన గాలి ఇంకా కుదురుకోదు. ఈ రెంటి నడుమ కొన్ని వారాల పాటు గాలి ఒక దిక్కంటూ లేకుండా మెల్లగా తచ్చాడుతుంది, కొన్ని మధ్యాహ్నాలు ఆకు కూడా కదలదు. హైదరాబాద్ ఉర్దూలో ఈ స్థితికి రెండు మాటలున్నాయి: తేమతో కూడిన వేడికి 'ఉమస్', గాలి బిగబట్టినట్టుండే దానికి 'హబ్స్'. తెలుగులో రెంటినీ కలిపి 'ఉక్కపోత' అంటాం. తెలంగాణ పలుకుబడిలో అది 'ఉడుకపోత'.

మూడోది తేమ, అన్నిటికన్నా ముఖ్యమైనది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి శరీరానికి తెలిసే వేడిని లెక్కగట్టే పట్టికల్లో 32 డిగ్రీల ఉష్ణోగ్రత, 40 శాతం తేమ ఉంటే మనిషికి తెలిసే వేడి సుమారు 33 డిగ్రీలు. అదే 32 డిగ్రీలకు తేమ 60 శాతమైతే అది 38 డిగ్రీలకు చేరువవుతుంది. థర్మామీటర్ కదలకుండానే అయిదు డిగ్రీలు పెరిగినట్టు. పైగా ఆ లెక్క నీడలో ఉన్నవారికి. ఎండలో పని చేసేవారికి అంతకన్నా ఎక్కువ.

వీటికి శరీరం అలవాటు కూడా తోడవుతుంది. వేసవి మొదట్లో వారం పది రోజుల్లో ఒళ్లు వేడికి సర్దుకుంటుంది, చల్లని వారాలు గడిచాక ఆ సర్దుబాటును పోగొట్టుకుంటుంది. మే నెలలో 38 డిగ్రీలను 'ఇవాళ కాస్త నయం' అన్న మనిషే అక్టోబర్‌లో 33 డిగ్రీలకు తల పట్టుకుంటాడు.

ఒకే పేరు కింద రెండు ఎండలు

'అక్టోబర్ హీట్' అని అందరూ ఒకే మాటతో పిలుస్తున్నా, హైదరాబాద్‌లో అది నిజానికి ఒకదాని వెనుక ఒకటి వచ్చే రెండు దశలు. వీటిని విడదీయకపోవడం వల్లనే చర్చ తరచూ పక్కదారి పడుతుంది.

మొదటి దశ, నైరుతి రుతుపవనం ఇంకా అధికారికంగా వెళ్లకముందు, రెండు వానల మధ్య తెరపిలో వస్తుంది. నేల తడిగా ఉంటుంది, చెరువులు నిండుగా ఉంటాయి, ఆకాశం పొద్దున తేటగా ఉండి మూడు గంటల తర్వాత నిలువుగా మబ్బులు లేస్తాయి. ఎండ శక్తిలో పెద్ద భాగం నేలలోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పెద్దగా ఎక్కదు, కానీ ఆ ఆవిరంతా గాలిలోకే చేరి ఉక్క పోస్తుంది. సాయంత్రం ఒక పేటలో ఉరుములతో వాన పడుతుంది, పక్క పేటలో చుక్క ఉండదు. 'చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడును' అన్న సామెత ఈ దశ గురించే. చిత్తకార్తె అక్టోబర్ రెండో వారంలో మొదలై సుమారు రెండు వారాలు ఉంటుంది. నగరాల్లో ఆ కార్తె పేరు ఇప్పుడు ఊరకుక్కల గురించి నవ్వులాటకే మిగిలిపోయింది గానీ, వాన తీరును పట్టుకోవడంలో ఆ సామెత నేటి రాడార్ చిత్రాలకు ఏమీ తీసిపోదు.

రెండో దశ రుతుపవనం వెళ్లిన తర్వాతిది. భారత వాతావరణ శాఖ వాయవ్య భారతం నుంచి నైరుతి వెనుదిరగడం మొదలైందని ప్రకటించడానికి మూడు సంగతులు చూస్తుంది: వరుసగా అయిదు రోజులు వాన లేకపోవడం, దిగువ వాతావరణంలో గాలి సవ్యదిశలో తిరిగే అధికపీడనం ఏర్పడడం, గాలిలో తేమ బాగా తగ్గడం. రెండో అంశమే ఎండకు మూలం. అధికపీడనంలో గాలి పైనుంచి కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి నలిగి, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అది మబ్బును కట్టనివ్వదు, కట్టిన మబ్బును కరిగిస్తుంది. ఈలోగా పై పొర మట్టి ఆరిపోయి ఉంటుంది, ఆవిరి చేయడానికి నీరు లేక ఎండ శక్తి నేరుగా నేలను, నేలను ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. ఈ దశలో పగలు 33, 34 డిగ్రీలకు చేరడం వింత కాదు. అయితే రాత్రి ఆకాశం తేటగా ఉండడం వల్ల నేల పగలు తీసుకున్న వేడిని వేగంగా వదిలేస్తుంది, తెల్లవారేసరికి చలి తెలుస్తుంది.

పగటికీ రాత్రికీ మధ్య అంతరం ఈ మార్పును చక్కగా చూపుతుంది. ఆగస్టులో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల మధ్య తేడా సుమారు 8 డిగ్రీలు. అక్టోబర్‌లో అది 10 దాటుతుంది. డిసెంబర్ నాటికి 14కు చేరువవుతుంది. అక్టోబర్ అంటే ఈ అంతరం తెరుచుకునే నెల. ఉక్క దశలో అది ఇంకా ఇరుకుగానే ఉంటుంది, పొడి దశలో ఒక్కసారిగా విప్పారుతుంది.

బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడితే ఈ వరుస తప్పుతుంది. దాని నడిబొడ్డున పైకి లేచిన గాలి చుట్టుపక్కల వందల కిలోమీటర్ల దూరంలో కిందికి దిగాలి. ఆ అంచున ఉన్న ఊళ్లకు ఎండ, నిశ్చలమైన గాలి మిగులుతాయి. తుపానుకు ముందు ఉక్కపోస్తుందన్న కోస్తా నమ్మకానికి ఆధారం ఇదే. దారి మారి ఆ వాయుగుండం తెలంగాణ మీదికి వస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను ముంచిన కుండపోత అలా వచ్చిందే. అంతకు శతాబ్దానికి పైగా ముందు, 1908 సెప్టెంబర్ 28న మూసీ నది నగరాన్ని ముంచెత్తింది. ఎండ గురించి మాట్లాడే ఈ వారాలే నగర చరిత్రలో వరదల వారాలు కూడా కావడం గుర్తుంచుకోవాలి.

శివరాత్రి ముందటి ఎండతో పోలిక

అక్టోబర్ 13న సూర్యుడు హైదరాబాద్‌కు ఎంత ఎత్తులో కనిపిస్తాడో, ఫిబ్రవరి 28న కూడా ఇంచుమించు అంతే ఎత్తులో కనిపిస్తాడు; రెండు రోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం నడినెత్తికి 25 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. పగటి నిడివీ దాదాపు సమానమే. పగటి ఉష్ణోగ్రత కూడా పెద్దగా తేడా ఉండదు. అయినా ఫిబ్రవరి చివరి ఎండను ఎవరూ తిట్టుకోరు. చలి విరిగిందని సంతోషిస్తారు. నాలుగు నెలలుగా వాన లేని నేల మీద, పొడి గాలిలో పడే ఎండ అది. చెమట పుట్టగానే ఆరిపోతుంది. అక్టోబర్ ఎండ నాలుగు నెలలు నానిన నేల మీద పడుతుంది. సూర్యుడు ఒక్కడే, కింద ఉన్న నేల వేరు.

ముంబైలో సంగతి మరింత తీవ్రం. 'అక్టోబర్ హీట్' అన్న మాట ముంబై, పుణెల్లో బాగా వాడుకలో ఉంది. అక్కడ ఆగస్టులో 30 డిగ్రీల వద్ద ఉండే పగటి సగటు అక్టోబర్‌లో 33, 34కు ఎక్కి, మే నెలను అందుకుంటుంది. భూమి మీదుగా వీచే తూర్పు గాలి సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా ఒడ్డుకు రానివ్వకపోవడం అందుకు కారణం. అందుకే ముంబైలో దాన్ని రెండో వేసవి అనడం అతిశయోక్తి కాదు; హైదరాబాద్‌లో మాత్రం అతిశయోక్తే. చెన్నైకి ఈ బాధ తక్కువ కాలమే: ఈశాన్య రుతుపవనం మామూలుగా అక్టోబర్ 20 ప్రాంతంలో ప్రవేశించి అక్కడ వానలు మొదలుపెడుతుంది.

'ఇండియన్ సమ్మర్' మనది కాదు

అక్టోబర్ ఎండ గురించిన రాతల్లో 'ఇండియన్ సమ్మర్' అన్న మాట తరచూ తొంగిచూస్తుంది. భారతదేశపు వేసవి అన్న అర్థంలో కొందరు, అక్టోబర్‌లో భారత్‌లో వచ్చే ఎండ అన్న అర్థంలో మరికొందరు వాడుతున్నారు. రెండూ సరికావు. ఆ మాట ఉత్తర అమెరికాలో పుట్టింది. అందులోని 'ఇండియన్' అక్కడి మూలవాసులను ఉద్దేశించినది. ఇప్పటికి తెలిసినంతలో దాని తొలి లిఖిత ప్రయోగం 1778 నాటిది: ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన క్రెవ్‌కూర్ అనే రచయిత, చలి ముదిరే ముందు వచ్చే ప్రశాంతమైన, వెచ్చని, పొగమంచు కమ్మిన రోజులను ఆ పేరుతో పేర్కొన్నాడు. ఆ పేరు ఎందుకు వచ్చిందన్న దానిపై వేట కాలమని, గడ్డి తగలబెట్టిన పొగ అని ఎన్నో ఊహలున్నాయి. ఏదీ రుజువు కాలేదు. మూలవాసుల పేరును ఇలా వాడడం తగదని భావించేవారు ఇప్పుడు అక్కడ 'రెండో వేసవి' అంటున్నారు.

పేరు కన్నా నిర్వచనం ముఖ్యం. అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు సంప్రదాయంలో, మొక్కలను మాడ్చేటంత గట్టి మంచు ఒక్కసారైనా పడిన తర్వాత వచ్చిన వెచ్చదనమే ఆ పేరుకు అర్హం. మంచు పడకముందు ఎంత ఎండ కాసినా అది వేసవి కొనసాగింపు మాత్రమే. అంటే ఆ పేరులో తిరిగి రావడం అన్న భావన ఇమిడి ఉంది: వేసవి వెళ్లిపోయింది, చలి ముఖం చూపించింది, వేసవి మళ్లీ ఒకసారి వచ్చిపోయింది. హైదరాబాద్ అక్టోబర్‌లో ఈ వరుస లేదు. ఇక్కడ ఎండ చలికి తర్వాత కాదు, చలికి ముందు వస్తుంది; వేసవి తిరిగి రావడం వల్ల కాదు, వాన వెళ్లిపోవడం వల్ల వస్తుంది.

పుట్టుకలోనూ తేడా ఉంది. సమశీతోష్ణ దేశాల్లో ఒక అధికపీడనం దారికి అడ్డంగా నాలుగైదు రోజులో, వారమో కదలకుండా కూర్చుని, తన అంచుల మీదుగా దక్షిణపు వెచ్చని గాలిని లాక్కొస్తుంది. అది ఏ ఏడాదైనా రావచ్చు, రాకపోవచ్చు. హైదరాబాద్‌ది అలాంటి అతిథి కాదు, రుతుచక్రంలో భాగం. ఎక్కువ తక్కువలు ఉంటాయి తప్ప రాకపోవడం అరుదు.

ముసలమ్మల వేసవి, శరత్కాలపు పులి

ప్రపంచంలో ఈ వెచ్చని రోజులకు పెట్టిన పేర్లను వరసగా చూస్తే, ప్రతి జాతీ ఆ రోజుల్లో దేన్ని గమనించిందో బయటపడుతుంది. జర్మన్లు 'ఆల్ట్‌వైబర్‌జొమ్మర్' అంటారు. మాటకు మాట పెడితే ముసలమ్మల వేసవి అని వస్తుంది గానీ, అసలు సంబంధం సాలీళ్లతో అని భాషావేత్తల వివరణ: నిశ్చలమైన వెచ్చని గాలిలో పిల్ల సాలీళ్లు తేలుతూ వదిలే దారాలు నెరిసిన వెంట్రుకల్లా మెరుస్తాయి, 'వైబ్' అన్న ధాతువుకు పాత జర్మన్‌లో నేయడం అనే అర్థం ఉంది. ఈ పేరు వృద్ధ మహిళలను కించపరుస్తోందని ఒక వృద్ధురాలు కోర్టుకెక్కితే, 1989లో డార్మ్‌స్టాట్ న్యాయస్థానం అందులో అవమానమేమీ లేదని తేల్చింది. వాతావరణం మీద వ్యాజ్యం నడిచిన సందర్భాలు ఎక్కడా ఎక్కువ ఉండవు. రష్యన్, పోలిష్, హంగేరియన్ భాషల్లో కూడా ఈ రోజులు ఆడవాళ్ల వేసవే.

ఐరోపాలో మరికొన్ని పేర్లు పండుగల నుంచి వచ్చాయి. స్పెయిన్‌లో సెప్టెంబర్ 29న వచ్చే సెయింట్ మైకేల్ పేరు మీద ఒకటి, నవంబర్ 11న వచ్చే సెయింట్ మార్టిన్ పేరు మీద మరొకటి చిన్న వేసవులున్నాయి. ఇటలీలోనూ మార్టిన్ వేసవి ఉంది. స్వీడన్‌లో అక్టోబర్ 7 నాటి బిర్గిట్టా పేరుతో 'బ్రిట్‌సొమ్మర్' అంటారు. ఇది కార్తెల లెక్కకు దగ్గర: గాలినీ ఎండనూ పంచాంగపు తేదీకి ముడివేయడం. తుర్కియేలో పేరు వంటింటి నుంచి వచ్చింది. మసాలా పట్టించి ఆరబెట్టే 'పస్తిర్మా' మాంసానికి అనువైన కాలం కాబట్టి అది పస్తిర్మా వేసవి. ఒరుగులు, వడియాలు ఎండబెట్టే ఇళ్లకు ఈ తర్కం కొత్తగా అనిపించదు. జపాన్‌లో మాత్రం వేసవి ఊసే లేదు. చాంద్రమానపు పదో నెల ప్రాంతంలో వచ్చే ఈ వెచ్చదనాన్ని 'కొహారు', అంటే చిన్న వసంతం, అంటారు.

హైదరాబాద్ అనుభవానికి అన్నిటికన్నా దగ్గరైనది చైనీయుల పేరు: 'చ్యూ లావ్‌హూ', శరత్కాలపు పులి. వారి పంచాంగంలో శరత్తు ఆగస్టు 7, 8 తేదీల్లోనే మొదలవుతుంది. ఆ తర్వాత, చల్లబడుతుందనుకున్న వేళ, పసిఫిక్ మీది అధికపీడనం తిరిగి బలపడి మధ్య, తూర్పు చైనాల మీద కూర్చుంటే గాలి కిందికి దిగి, మబ్బు విరిగి, ఎండ పులిలా మీద పడుతుంది. ఈ పేరులో ముద్దు లేదు, పండుగ లేదు, కరిచే గుణం ఉంది. చలిదేశాల పేర్లలో వెచ్చదనం ఒక కానుక. వేడిదేశాల్లో అది ఒక దెబ్బ. అక్టోబర్ ఎండను ఇంగ్లిష్ పేరుతో పిలిచినప్పుడు తేలిపోయేది ఈ తేడాయే.

మరి తెలుగులో?

తెలుగులో ఈ ఎండకు ఒక్క పేరంటూ లేదు. లోటు మాటలది కాదు. ఉక్క, ఉడుకు, ఉబ్బ, కోస్తాలో ఉమ్మదం, చుర్రుమనే ఎండ, చిటపటలాడే ఎండ అంటూ వేడి రకాలను విడదీసే మాటలు పుష్కలంగా ఉన్నాయి. లేనిది ఆ రెండు మూడు వారాలను మూటగట్టి పిలిచే పేరు. కారణం వ్యవసాయపు పంచాంగంలో కనిపిస్తుంది. వేసవి కార్తెల సామెతలు ఎండను కొలుస్తాయి: రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి. హస్త, చిత్త, స్వాతి దగ్గరికి వచ్చేసరికి సామెతలన్నీ చినుకునే కొలుస్తాయి. గింజ పాలు పోసుకునే వరికి, చెలకలో ఉన్న కందికి ఆ రోజుల్లో కావలసింది ఆఖరి తడి. రైతు చెవి వాన చప్పుడు మీద ఉంది, ఎండ అతనికి వాన రాని రోజు మాత్రమే.

కవిత్వం మరో దిక్కు చూసింది. తెలుగు పద్యానికి శరత్తు అంటే రాత్రి: తేటపడిన ఆకాశం, పండువెన్నెల, తేరుకున్న ఏటి నీరు. ఆ వెన్నెలకూ మిట్టమధ్యాహ్నపు ఎండకూ మూలం ఒకటే. దుమ్మును వాన కడిగేసింది, దిగుతున్న గాలి మబ్బును తుడిచేసింది. రాత్రి చంద్రుడు అంత తెల్లగా కనిపించడానికీ పగలు సూర్యుడు అంత చురుక్కుమనడానికీ అదే తేటదనం కారణం. కవులు ఒక సగాన్ని మాత్రమే తీసుకున్నారు.

రెండో సగాన్ని పట్టించుకున్నది ఆయుర్వేదం. వానకు చల్లబడి అలవాటుపడిన ఒళ్లకు హఠాత్తుగా సూర్యకిరణాలు తగలడం వల్ల, వానాకాలంలో పోగైన పిత్తం శరత్తులో ప్రకోపిస్తుందని ఋతుచర్య చెబుతుంది. ఎండను మానుకోమంటుంది, చేదు, తీపి, వగరు రుచులు తినమంటుంది. పగలు ఎండకు కాగి రాత్రి వెన్నెలకు చల్లారిన నీటిని 'హంసోదకం' అని మెచ్చుకుంటుంది. పిత్తం సంగతి ఎలా ఉన్నా, పరిశీలన సూటిగా ఉంది: వేడి మోతాదు కాదు, మార్పు వేగమే కీడు చేస్తుందని అది గుర్తించింది. వసంత, శరత్తులను యమదంష్ట్రలని, అంటే యముడి కోరలని, పురాణాలు అనడం, దసరా రోజుల్లో ఆ మాట ఇంటింటా వినిపించడం కూడా ఈ సంధికాలపు జబ్బుల జ్ఞాపకమే.

సహజం ఎక్కడిదాకా?

ఏటా వచ్చే ఎండకూ అసాధారణమైన ఎండకూ గీత ఎక్కడ గీయాలన్నది వార్తల్లో తరచూ తప్పిపోయే ప్రశ్న. మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతేనే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. ఆ లెక్కన హైదరాబాద్ అక్టోబర్‌లో వడగాలి ప్రకటన రావడానికి దాదాపు వీలే లేదు. 35 డిగ్రీలు, ఉక్క, ఎండలో భవన నిర్మాణపు పని: ఈ మూడూ కలిస్తే మనిషి కుప్పకూలవచ్చు. కానీ ఆ కలయికకు సామెతలోనూ పేరు లేదు, వడగాలి ప్రమాణంలోనూ చోటు లేదు. వేసవి హెచ్చరికల ఏర్పాటు ప్రధానంగా పొడి ఎండ కోసం రూపొందినది; ఇది దానిలోని స్పష్టమైన ఖాళీ.

క్యాలెండర్ కూడా జరుగుతోంది. పశ్చిమ రాజస్థాన్ నుంచి నైరుతి వెనుదిరగడం మొదలయ్యే సాధారణ తేదీని వాతావరణ శాఖ 2020లో సెప్టెంబర్ 1 నుంచి 17కు మార్చింది. 1971 తర్వాతి లెక్కలు అలా చూపాయి. 2019లోనైతే ఆ తిరోగమనం అక్టోబర్ 9న గానీ మొదలు కాలేదు, రికార్డుల్లో అంత ఆలస్యం అంతకు ముందు లేదు. వాన ఆలస్యంగా వెళితే ఉక్క దశ అక్టోబర్ నడిమికి, పొడి దశ నవంబర్‌లోకి జరుగుతాయి. అప్పుడు 'నవంబర్ వచ్చినా ఎండలేంటి' అన్న ఆశ్చర్యం పుడుతుంది. అందులో కొంత భాగం ఎండ పెరగడం వల్ల కాక, వరుస ఆలస్యం కావడం వల్ల వచ్చేదే.

2024 అక్టోబర్ లెక్క వేరు. దేశవ్యాప్త సగటు ఉష్ణోగ్రత 26.92 డిగ్రీలు, సాధారణం కన్నా 1.23 డిగ్రీలు ఎక్కువ, 1901 తర్వాత అంత వేడి అక్టోబర్ లేదు. అందులో రాత్రి అంకె ఎక్కువ చెబుతుంది: కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 20.01 ఉండవలసింది 21.85 అయింది. పశ్చిమ అలజడులు (మధ్యధరా వైపు నుంచి వచ్చి ఉత్తర భారతాన్ని చల్లబరిచే వాతావరణ వ్యవస్థలు) రాకపోవడం, బంగాళాఖాతంలో అల్పపీడనాలు తూర్పు గాలులను లోపలికి పంపుతూ ఉండడం కారణాలని వాతావరణ శాఖ చెప్పింది. తేమ నిండిన గాలి రాత్రివేళ దుప్పటిలా పనిచేస్తుంది. నేల వదిలే వేడిని పైకి పోనివ్వదు.

నగరం ఆ దుప్పటికి మరో పొర కలుపుతుంది. కాంక్రీటు, తారు పగలంతా తీసుకున్న వేడిని రాత్రి పొద్దుపోయే దాకా వదులుతూనే ఉంటాయి. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వంటి శివార్ల కేంద్రాల్లో తెల్లవారుజామున నమోదయ్యే చలి నగరం నడుమ కనిపించకపోవడానికి అదే కారణం. పై అంతస్తులో, స్లాబు కింది గదిలో ఉన్నవారికి ఈ తేడా అంకె చూడకుండానే తెలుస్తుంది: పదింటికి కిటికీ తీస్తే బయట చల్లగా ఉంటుంది, గోడ మీద చేయి వేస్తే ఇంకా వెచ్చగా తగులుతుంది.

నిల్వ నీరు ఇంకని ఈ వారాల్లో రాత్రులు వెచ్చగా ఉంటే దోమకు గడువు పెరుగుతుంది. డెంగీ కేసులు వానలు తగ్గాక కూడా కొనసాగడానికి ఇది ఒక కారణం.

ఎండ కావలసినవారు

అయితే ఇదే ఎండ కోసం నగరం దాటగానే ఎదురుచూసేవారున్నారు. వానాకాలపు వరి కోతలు అక్టోబర్ చివర మొదలై నవంబర్‌లో ఊపందుకుంటాయి. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర దక్కాలంటే తేమ 17 శాతం మించకూడదు. పత్తికి 8 నుంచి 12 శాతం. నగరంలో ఉక్కగా తిట్టించుకున్న తేమే ఇక్కడ క్వింటాలుకు ధరను కోస్తుంది, ఏసీ బిల్లు పెంచిన పొడి ఎండే గింజను ఆరబెడుతుంది. అక్కడ దీన్ని ఎవరూ అక్టోబర్ హీట్ అనరు. 'ఎండ మంచిగ కొడ్తున్నది' అంటారు, అంతే.

నగరం వెలుపలి రోడ్ల అంచున వడ్లు పలచగా నేర్పి, గంటకోసారి కాళ్లతో చాళ్లు తీస్తూ నడుస్తారు. తేమ కొలిచే యంత్రంలో గుప్పెడు గింజలు పోస్తే 19 చూపుతుంది, అంటే ఇంకో రెండు ఎండలు కావాలి. అక్కడ ఎండ రోజుకు కొలమానం. సాయంత్రం అయిదింటికి మంచు దిగకముందే కుప్ప చేసి పరదాలు కప్పుతారు. మరునాడు పరదా మీది తడి ఆరాక, తొమ్మిది గంటలకు, మళ్లీ తీస్తారు.